అప్పుడప్పుడూ వెలిగే బ్యాటరీ లైటు: పాత కారు, అనంతపురం ఎండ, రెండు వేర్వేరు జబ్బులు

బండి: 2003 మోడల్ చిన్న కారు. 1.1 లీటర్ల పెట్రోల్ ఇంజిన్, ఏసీ ఉంది, పవర్ స్టీరింగ్ లేదు. డైరీ మొదలయ్యేటప్పటికి మీటరు 1,38,410 కి.మీ.

బ్యాటరీ: 12 వోల్టులు, 35 ఆంపియర్ అవర్లు. మూతలు తీసి నీళ్లు పోసే రకం.

ఫిర్యాదు: మీటర్ బోర్డులో ఎర్ర బ్యాటరీ బొమ్మ రోజుకు ఒకటి రెండుసార్లు వెలుగుతుంది. ఒకోసారి రెప్పపాటు, ఒకోసారి నాలుగైదు నిమిషాలు. షాపుకు తీసుకెళ్తే మాత్రం వెలగదు.

ఇంతకు ముందే జరిగిన తప్పు: ఫిబ్రవరిలో ఏమీ కొలవకుండా కొత్త బ్యాటరీ వేయించారు. రూ. 4,300. వారం తిరగకముందే లైటు మళ్లీ వెలిగింది. బొమ్మ బ్యాటరీదే అయినా ఆ లైటు కాపలా కాసేది చార్జింగును. రోగం ఒకటి, మందు ఒకటి అయింది. ఈ 4,300ను కింది లెక్కల్లో కలపలేదు, చివర విడిగా చూపించాం.

పేర్ల సంగతి: ఇంజిన్ బెల్టుతో తిరిగి బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ని ఊళ్లో అందరూ డైనమో అనే అంటారు, ఇక్కడా అదే రాస్తున్నాం. దాని లోపల ఉండి వోల్టేజిని అదుపు చేసే రెగ్యులేటర్‌ని పాత మేస్త్రీలు కటౌట్ అంటారు.

పని మొదలుపెట్టే ముందు: ఆ లైటు ఎలా వెలుగుతుంది

బల్బుకు ఒక కొస కీ ఆన్ చేస్తే కరెంటు వచ్చే తీగ. రెండో కొస డైనమో వెనక కప్లర్‌లో (తీగలు గుచ్చే ప్లగ్గులో) "ఎల్" అనే పిన్నుకు వెళ్తుంది. చార్జింగ్ లేనప్పుడు రెగ్యులేటర్ ఆ ఎల్ పిన్నును ఎర్త్‌కు (బ్యాటరీ నెగటివ్‌కు కలిసి ఉండే బండి బాడీకి) కలుపుతుంది, బల్బు వెలుగుతుంది. చార్జింగ్ మొదలైతే వదిలేస్తుంది, ఆరిపోతుంది.

దీన్నిబట్టి తేలేది ఒకటుంది. ఎల్ తీగ దారిలో ఎక్కడ ఎర్త్ తగిలినా, డైనమో శుభ్రంగా పనిచేస్తున్నా సరే, లైటు వెలుగుతుంది. ఈ విషయం మొదటి రోజే గుర్తుండి ఉంటే సగం పని తప్పేది.

ఈ బండి కప్లర్‌లో రెండు తీగలు: ఎల్, ఐజీ. రెగ్యులేటర్‌కు కరెంటు ఐజీ నుంచి వస్తుంది. కొన్ని పాత బండ్లలో ఐజీ ఉండదు, ఒకే సన్న తీగ ఉంటుంది. వాటిలో లైటు బల్బు గుండా వెళ్లే కరెంటే డైనమోను లేపుతుంది. బల్బు మాడిపోతే చార్జింగ్ మొదలవడమే కష్టం. మీ బండి ఏ రకమో ముందు చూసుకోండి, కింది ఫలితాలు ఒకే తీగ రకానికి అన్నీ ఇలాగే రావు.

దశ 1: బ్యాటరీ, టెర్మినళ్లు (ఏప్రిల్ 6)

పనిముట్లు: డిజిటల్ మల్టీమీటర్, హైడ్రోమీటర్ (బ్యాటరీ యాసిడ్ చిక్కదనం కొలిచేది), 10 నంబరు పానా, వైర్ బ్రష్.

1. రాత్రంతా ఆపి ఉంచి, పొద్దున కీ పెట్టకముందే బ్యాటరీ మీద కొలత: 12.58 వోల్టులు. 12.6 దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం.
2. హైడ్రోమీటర్‌తో ఆరు సెల్లులు: అన్నీ 1.260, 1.265. ఒక సెల్లు మిగతావాటికంటే బాగా తక్కువ ఉంటే బ్యాటరీని అనుమానించాలి. ఇక్కడ లేదు.
3. సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ మీద: 10.4. ఇది 9.6 కంటే కిందికి దిగితే బ్యాటరీ బలహీనం.
4. సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ నెగటివ్ పోస్టుకూ ఇంజిన్ బ్లాకుకూ మధ్య: 0.31. ఎక్కువ. ఎర్త్ తీగ బాడీకి బిగించే బోల్టు కింద తుప్పు ఉంది. గీకి, బిగించాక 0.12.
5. ఇంజిన్ చల్లగా ఉండగా చార్జింగ్: 14.32. హెడ్‌లైట్లు, బ్లోయర్, వెనక అద్దం హీటర్ అన్నీ వేస్తే 13.84.

అన్నీ మంచి అంకెలే, చిక్కంతా అక్కడే ఉంది. వచ్చి పోయే జబ్బు లేని సమయంలో కొలిస్తే ఏ బండి అయినా ఆరోగ్యంగానే కనిపిస్తుంది. షాపులో "డైనమో బాగుంది" అన్నది అబద్ధం కాదు, ఆ నిమిషానికి బాగానే ఉంది.

మూడు సెల్లుల్లో నీళ్లు తక్కువుంటే డిస్టిల్డ్ వాటర్ పోశాం. మన దగ్గర బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ, బ్యాటరీలో పోయకండి. ఇంట్లో ఆర్‌వో నీళ్లు తాగడానికి బాగుంటాయి కానీ వాటిలోనూ ఉప్పు పూర్తిగా పోదు.

ఖర్చు: డిస్టిల్డ్ వాటర్ 25, టెర్మినళ్లకు పెట్రోలియం జెల్లీ 30.
మొత్తం ఇప్పటిదాకా: రూ. 55. సమయం: గంటన్నర.

లైటు: మర్నాడే వెలిగింది.

దశ 2: బెల్టు (ఏప్రిల్ 8, 10)

రెండు పుల్లీల మధ్య బొటనవేలితో గట్టిగా నొక్కితే బెల్టు 14 మి.మీ. కుంగింది. ఇలాంటి బండికి 6 నుంచి 9 మి.మీ. ఉంటే చాలు. లోపలి అంచులు అద్దంలా మెరుస్తున్నాయి. కీచుమనే చప్పుడు లేకపోయినా మార్చేశాం.

తప్పు: కొత్త బెల్టును "ఎలాగూ సాగుతుంది కదా" అని మరీ బిగించాం, 4 మి.మీ. మాత్రమే కుంగేలా. రెండు రోజుల్లో డైనమో నుంచి సన్నగా కూత మొదలైంది. బిగువు ఎక్కువైతే ఆ బరువంతా బేరింగు మీదే పడుతుంది. 10న వదులు చేసి 8 మి.మీ.కి తెచ్చాం. కూత తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. దీని ఫలితం దశ 6లో కనిపిస్తుంది.

బిగించేటప్పుడు డైనమోను ఇనుప రాడ్డుతో ఎత్తితే అల్యూమినియం బాడీ పగులుతుంది. చెక్క ముక్కతో, అది కూడా ముందు వైపు బాడీ మీదే ఆనించి ఎత్తాలి.

ఖర్చు: బెల్టు 310.
మొత్తం: రూ. 365. సమయం: 3 గంటలు.

లైటు: తేడా లేదు. నిజానికి బెల్టు జారడం వల్ల వెలిగే లైటు పొద్దున సెల్ఫ్ కొట్టగానే, లేదా హెడ్‌లైట్లు వేయగానే వెలగాలి. ఈ బండిలో ఆ రెండు సమయాల్లో ఒక్కసారీ వెలగలేదు. చూసుకోకుండా బెల్టు మార్చడం బ్యాటరీ మార్చడం లాంటిదే, ఖరీదు మాత్రం తక్కువ.

దశ 3: వోల్టుమీటరు, నోటు పుస్తకం (ఏప్రిల్ 11 నుంచి 20)

ఇక్కడి నుంచి పద్ధతి మార్చాం. సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే చిన్న ఎల్‌ఈడీ వోల్టుమీటరు కొన్నాం, రూ. 220. లైటు వెలిగిన ప్రతిసారీ నాలుగు విషయాలు రాయాలి: వోల్టేజి, ఇంజిన్ ఎంతసేపటి నుంచి నడుస్తోంది, ఏమేం ఆన్‌లో ఉన్నాయి, ఆ క్షణంలో బండి ఏం చేస్తోంది. నడిపేవాళ్లు రాయకూడదు, పక్కన ఇంకొకరు ఉండాలి.

సాకెట్ మీటరును నమ్మే ముందు బ్యాటరీ దగ్గర మల్టీమీటరుతో పోల్చి చూడండి. ఇది 0.15 తక్కువ చూపించింది. కింది అంకెలన్నీ సరిచేసినవి.

తిరిగిన దారులు: ఊళ్లో టవర్ క్లాక్, సప్తగిరి సర్కిల్ చుట్టూ రద్దీలో, బయట ఎన్‌హెచ్ 44 మీద గార్లదిన్నె మీదుగా పామిడి దాకా వెళ్లి రావడం. పది రోజుల్లో 11 సార్లు వెలిగింది. వాటిలో కొన్ని:

1. పొద్దున 7:40, బయల్దేరిన 5 నిమిషాలకు, స్పీడ్ బ్రేకర్ మీద. పూర్తి వెలుగు, రెప్పపాటు. 14.2.
2. ఇంటి ముందు రివర్స్, క్లచ్ వదులుతుండగా. పూర్తి వెలుగు, రెండు క్షణాలు. 14.1.
3. మధ్యాహ్నం 2:15, పామిడి నుంచి వెనక్కి, 50 నిమిషాలు నడిచాక, లారీల వెనక నెమ్మదిగా. మసకగా మొదలై, మిణుకుమిణుకుమని, తర్వాత పూర్తిగా. నాలుగు నిమిషాలు. 12.3.
4. సప్తగిరి సర్కిల్ దగ్గర సిగ్నల్లో మొదటి గేరులో కదులుతుండగా. రెప్పపాటు. 14.0.
5. మధ్యాహ్నం 3:00, ఏసీ వేసి రద్దీలో 40 నిమిషాలు. మసకగా మొదలై పూర్తిగా. గుంతలో పడగానే ఆరింది. 12.1.
6. గతుకుల మట్టిదారి, ఇంజిన్ ఇంకా వేడెక్కలేదు. మూడుసార్లు వరుసగా. 14.2.

మొత్తం 11లో ఏడుసార్లు వోల్టేజి 13.9 నుంచి 14.2. నాలుగుసార్లు 12.1 నుంచి 12.4. మధ్యలో ఒక్కటీ లేదు. ఆ ఏడూ కుదుపులోనో, ఇంజిన్ ఒక పక్కకు ఊగినప్పుడో. ఈ నాలుగూ ఇంజిన్ కనీసం 35 నిమిషాలు నడిచాక, ఎండలో.

14 ఉండగా వెలిగితే డైనమో పని చేస్తోంది, తప్పు చెబుతున్నది లైటు. 12 ఉండగా వెలిగితే లైటు నిజమే చెబుతోంది. ఒకే బల్బు వెనక రెండు జబ్బులున్నాయి, వీటిని కలిపి వెతికినంతకాలం ఏదీ దొరకదు. ఐదో పద్దులో ఒక వింత గమనించండి: గుంతలో పడితే లైటు ఆరింది. మొదటి జబ్బులో కుదుపు లైటును వెలిగిస్తోంది, రెండో జబ్బులో అదే కుదుపు ఆర్పుతోంది. నోటు పుస్తకం లేకపోతే ఈ రెండూ "కుదుపులకు ఏదో అవుతోంది" అనే ఒకే మాటలో కలిసిపోయేవి.

మొత్తం: రూ. 585. సమయం: 3 గంటలు (నడిపిన సమయం లెక్కలో లేదు).

దశ 4: మొదటి జబ్బు, ఎల్ తీగ (ఏప్రిల్ 21, 22)

తేలిగ్గా ఉన్నదాన్ని ముందు పట్టుకున్నాం.

1. ఇంజిన్ ఐడిలింగులో (యాక్సిలరేటర్ నొక్కకుండా నడిచేలా) పెట్టి, ఒకరు మీటర్ బోర్డు చూస్తుండగా, ఇంకొకరు పొడవాటి కర్రతో డైనమో దగ్గరి తీగల కట్టను ఒక్కో చోట నెట్టాలి. చెయ్యి పెట్టొద్దు. రేడియేటర్ ఫ్యాను చెప్పకుండా తిరుగుతుంది, బెల్టు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. చొక్కా చేతులు మడిచి, చున్నీ, గొలుసు తీసేసి నిలబడాలి.
2. డైనమో బ్రాకెట్ వంపు దగ్గర నెట్టినప్పుడు లైటు మిణుక్కుమంది.
3. ఇంజిన్ ఆపి, బాగా చల్లారాక, కీ ఆన్ చేసి డైనమో కప్లర్ ఊడదీయాలి. ఇప్పుడు లైటు ఆరాలి. కప్లర్ ఊడినా వెలుగుతుంటే ఎల్ తీగ దారిలో ఎక్కడో ఎర్త్ తగులుతోందని ఖాయం.
4. ఊడదీయగానే ఆరింది. కట్టను ఇంజిన్ వైపుకు లాగితే వెలిగింది. వదిలితే ఆరింది. దొంగ దొరికాడు.

తప్పు: ఈ నాలుగో మెట్టుకు రాకముందే, 21న, ఓములు కొలిచి రెండున్నర గంటలు పోగొట్టుకున్నాం. కప్లర్ తీసి ఎల్ పిన్నుకూ బాడీకీ మధ్య కొలిస్తే 14 ఓములు వచ్చింది. "సగం షార్టు" అనుకుని డ్యాష్‌బోర్డు కింద తీగలన్నీ విప్పాం. అక్కడ ఏమీ లేదు. ఆ 14 ఓములు లైటు బల్బువే. మీటరు కరెంటు బల్బు గుండా, అదే ఫ్యూజు మీదున్న మిగతా సామాను గుండా తిరిగి ఎర్త్‌కు చేరుతోంది. ఆ బల్బు హోల్డరు తిప్పి బయటకు తీశాకే ఓములు కొలవాలి. తీశాక: మామూలుగా అనంతం (ఎక్కడా తగలడం లేదు), కట్టను లాగితే 0.4.

విప్పి చూస్తే: తీగల కట్టను బ్రాకెట్‌కు పట్టి ఉంచే క్లిప్పు విరిగిపోయి ఉంది. టేపు నూనెకూ వేడికీ గట్టిపడి పెళుసుబారింది. బ్రాకెట్ అంచుకు రాసుకుని ఎల్ తీగ మీద 6 మి.మీ. మేర రాగి బయటపడింది. ఇంజిన్ మౌంటింగు రబ్బర్లు కూడా పాతవే, అందుకే క్లచ్ వదిలినప్పుడు ఇంజిన్ ఊగి తీగ అంచుకు తగులుతోంది.

బాగుచేసిన తీరు:

1. బ్యాటరీ నెగటివ్ తీసేశాం.
2. దెబ్బతిన్న 12 సెం.మీ. ముక్క కోసి, అదే మందం కొత్త తీగ వేశాం.
3. అతుకులు వంపు దగ్గర రాకుండా రెండు పక్కలా జరిపాం. సోల్డరింగ్ చేసిన చోట తీగ గట్టిపడుతుంది. అది ఊగే చోట ఉంటే కొన్ని నెలల్లో అతుకు పక్కనే తెగుతుంది.
4. వేడికి ముడుచుకునే, లోపల జిగురున్న స్లీవ్ వేశాం. వట్టి ఇన్సులేషన్ టేపు బానెట్ కింద ఒక ఎండాకాలం కూడా నిలవదు.
5. పైన ముడతల ప్లాస్టిక్ గొట్టం, బ్రాకెట్‌కు రబ్బరు పట్టీ ఉన్న కొత్త క్లిప్పు.

ఖర్చు: తీగ, స్లీవ్, గొట్టం, క్లిప్పు కలిపి 115.
మొత్తం: రూ. 700. సమయం: 8 గంటలు.

దశ 5: రెండో జబ్బును వేడిలో పట్టుకోవడం (ఏప్రిల్ 29, మే 1)

ఆరు రోజులు లైటు రాలేదు. ఆ ఆరు రోజులూ సాయంత్రాలు మాత్రమే, పది పన్నెండు కి.మీ. మాత్రమే తిరిగింది బండి. అది గమనించకుండా నోటు పుస్తకంలో "అయిపోయింది" అని రాసి కింద గీత కూడా గీశాం. 29న మధ్యాహ్నం పామిడి నుంచి వస్తుంటే 12.2 దగ్గర వెలిగింది. వేడిలో వచ్చే జబ్బును వేడిలోనే పరీక్షించాలి. గీత కొట్టేశాం.

మే 1న బండిని ఎండలో నిలబెట్టి, బానెట్ మూసి, హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి ఐడిలింగులో ఉంచాం. ఆ మధ్యాహ్నం నీడలోనే 41 డిగ్రీలు. ఇంజిన్ టెంపరేచర్ ముల్లు మీద ఒకరి కన్ను ఉండాలి. 38వ నిమిషంలో లైటు మసకగా మొదలైంది. వెంటనే కొలతలు:

1. డైనమో వెనక లావు బోల్టు (బీ ప్లస్) మీద: 12.3. అంటే డైనమో ఏమీ ఇవ్వడం లేదు.
2. కప్లర్ వెనక నుంచి సన్న పిన్నుతో, ఐజీ తీగ మీద: 12.1. కరెంటు అందుతోంది. కీ స్విచ్చి, ఫ్యూజు తప్పు కాదు.
3. ఎల్ మీద: 1.1. రెగ్యులేటరే దాన్ని ఎర్త్‌కు లాగుతోంది. లైటు ఈసారి నిజం చెబుతోంది.
4. స్క్రూడ్రైవర్ ఇనుప కొసను డైనమో వెనక బేరింగు దగ్గర ఆనిస్తే అయస్కాంతం లాగుడు లేదు. డైనమో లోపల అయస్కాంతాన్ని పుట్టించే ఫీల్డు వైండింగుకు (తీగ చుట్టకు) కరెంటు చేరడం లేదు.
5. స్క్రూడ్రైవర్ చెక్క పిడితో డైనమో వెనక భాగాన్ని రెండుసార్లు మెల్లగా తట్టగానే లైటు ఆరింది. వోల్టేజి 13.9. లాగుడు వచ్చింది.

తడితే పనిచేస్తే అనుమానం కార్బన్ బ్రష్‌ల (తిరిగే వైండింగుకు కరెంటు అందించే చిన్న ముక్కల) మీదకే పోతుంది. గుంతలో పడితే లైటు ఎందుకు ఆరిందో కూడా ఇదే చెబుతోంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ పీకి, ఇంజిన్ ఆగకపోతే డైనమో బాగున్నట్టు అని చూసే అలవాటు ఇంకా పోలేదు. బ్యాటరీ వోల్టేజి ఎగుడుదిగుళ్లకు మెత్తలాగా పనిచేస్తుంది. దాన్ని తీసేస్తే ఒక్క క్షణం వోల్టేజి పదుల్లోకి ఎగిరి డయోడ్లను (డైనమో కరెంటును ఒకే దిక్కుకు పంపే భాగాలను), రెగ్యులేటర్‌ని, ఇంజిన్ కంప్యూటర్‌ని కాల్చగలదు. కార్బ్యురేటర్ బండ్లూ, ఆల్టర్నేటర్‌కు ముందటి అసలు డైనమోలూ ఉన్న రోజుల్లో నడిచిన పరీక్ష అది. ఎవరైనా చెయ్యి పెట్టబోతే ఆపండి.

డైనమో చార్జింగ్ ఇస్తుండగానే ఇంకొకటి కొలిచాం. డీసీ క్లాంప్ మీటరు తెచ్చి చూస్తే లావు తీగలో 28 ఆంపియర్లు. ఆ సమయంలో బీ ప్లస్ బోల్టుకూ బ్యాటరీ పాజిటివ్ పోస్టుకూ మధ్య 0.48 వోల్టులు పోతోంది. 0.2 లోపు ఉండాలి. లగ్గు (తీగ కొసన బోల్టుకు బిగించే లోహపు ముక్క) దగ్గర తీగ పచ్చబారి, సగం పోగులు తెగి ఉన్నాయి. కొత్త రాగి లగ్గు క్రింప్ చేయిస్తే 0.11. దీనికీ లైటుకీ సంబంధం లేదు. కానీ బ్యాటరీకి అందాల్సిన వోల్టేజిలో మూడో వంతు వోల్టు పైగా దారిలోనే వేడిగా పోతోంది, అలాగే వదిలేస్తే ఆ లగ్గు కాలిపోయేది.

ఖర్చు: లగ్గు 25, క్రింపింగ్ 40.
మొత్తం: రూ. 765. సమయం: పదిన్నర గంటలు.

దశ 6: డైనమో విప్పడం (మే 3, మే 6)

షాపులో పాతది తీసుకుని బాగుచేసిన డైనమో ఇవ్వడానికి రూ. 3,200 అడిగారు. బ్రష్‌లు మాత్రమే అయితే వందలోపు పని. విప్పి చూశాకే నిర్ణయిద్దామనుకున్నాం.

1. ముందుగా బ్యాటరీ నెగటివ్ తీయాలి. బీ ప్లస్ బోల్టులో కీ ఆఫ్‌లో ఉన్నా కరెంటు ఉంటుంది, పానా బాడీకి తగిలితే నిప్పులు చిమ్ముతాయి.
2. కప్లర్, తర్వాత బీ ప్లస్ నట్టు. నట్టు కింద ప్లాస్టిక్ బుష్ పోగొట్టొద్దు.
3. బెల్టు వదులు చేసి, సర్దుబాటు బోల్టు, ఆపైన కింది పొడవాటి బోల్టు.
4. రెండు బాడీ ముక్కల మీద అడ్డంగా మార్కరుతో ఒక గీత. మళ్లీ బిగించేటప్పుడు అదే గీత కలవాలి.
5. నాలుగు పొడవాటి స్క్రూలు తీసి, ముక్కలు మెల్లగా విడదీయాలి.

లోపల కనిపించింది:

బ్రష్‌లు: ఒకటి 5.1 మి.మీ., రెండోది 3.8 మి.మీ. కొత్తవి 14. అరుగుదల ఒక్కటే అయితే స్ప్రింగు ఇంకాస్త నెట్టేదే. పొట్టిది మాత్రం హోల్డరులో ఇరుక్కుని కదలడం లేదు. కార్బన్ పొడి, మన ఎర్రమట్టి దుమ్ము, వీటికి తోడు ఇంజిన్ ఆయిల్ కలిసి జిగట ముద్దయింది. చల్లగా ఉన్నప్పుడు కొంచెం కదులుతుంది, వేడెక్కి ప్లాస్టిక్ హోల్డరు వ్యాకోచించగానే పట్టేస్తుంది.

ఆయిల్ ఎక్కడిది? పైకి చూస్తే టాపెట్ కవర్ (ఇంజిన్ పై మూత) ప్యాకింగు ఒక మూల నుంచి కారుతోంది, చుక్క సరిగ్గా డైనమో వెనక భాగం మీద పడుతోంది. బ్రష్‌లు మార్చి ఈ ప్యాకింగు వదిలేస్తే ఏడాదిలో మళ్లీ ఇదే పని. ప్యాకింగు కూడా లెక్కలో చేరింది.

స్లిప్ రింగులు (రోటర్ అనే తిరిగే భాగం మీద బ్రష్‌లు ఆనే రింగులు): నల్లబడి, సన్న గాడి పడింది. 600 నంబరు ఉప్పుకాగితం పట్టీని రింగు చుట్టూ వేసి రోటర్‌ని తిప్పుతూ రుద్దాలి. నిలువుగా రుద్దితే పడే గీతలు కొత్త బ్రష్‌లను తినేస్తాయి.

రోటర్: రెండు రింగుల మధ్య 2.9 ఓములు. రింగుకూ షాఫ్టుకూ మధ్య అనంతం. వేడిలో తెగే వైండింగు కూడా ఇలాంటి లక్షణాలే చూపిస్తుంది కాబట్టి జుట్టు ఆరబెట్టే డ్రయ్యరుతో వేడి చేసి మళ్లీ కొలిచాం. 3.5 దాకా నిలకడగా పెరిగింది, ఎక్కడా ఎగరలేదు. రాగి వేడెక్కితే ప్రతి 10 డిగ్రీలకు దాదాపు 4 శాతం ఓములు పెరుగుతాయి. సుమారు 50 డిగ్రీలు పెరిగిందనుకుంటే లెక్క సరిపోయింది. రోటర్ బాగుంది.

డయోడ్లు: ఆరూ ఒక వైపు 0.48 నుంచి 0.52 వోల్టులు, రెండో వైపు ఏమీ లేదు. బాగున్నాయి.

బేరింగులు: ముందుదాన్ని చేత్తో తిప్పితే గరగర. దశ 2లో బిగువు ఎక్కువైనందుకు పడిన జరిమానా. రెండూ మార్చాం, నంబరు పాత బేరింగు మీదే చెక్కి ఉంటుంది. పుల్లరుతో తీయాలి, రోటర్ ఫ్యాను రెక్కల మీద సుత్తి వేయొద్దు.

తప్పు, ఈ డైరీలో అన్నిటికంటే చేటు చేసినది: కొత్త బ్రష్ తోకను (దాని అల్లిక తీగను) హోల్డరుకు సోల్డరింగ్ చేసేటప్పుడు కడ్డీ ఎక్కువసేపు పెట్టాం. కరిగిన సీసం అల్లిక తోక లోపలికి పాకి, మెత్తటి తోక కాస్తా ఇనుప తీగలా బిగుసుకుపోయింది. బ్రష్‌ను తోకే పట్టి నిలిపేసింది. అన్నీ బిగించి బండిలో పెట్టాక, 6న వేడెక్కగానే లైటు వెలిగింది. మళ్లీ మొదటి నుంచి విప్పాల్సి వచ్చింది. రెండోసారి తోకను బ్రష్ వైపు సన్న ముక్కు కటింగ్ ప్లేయరుతో పట్టుకున్నాం. వేడి ప్లేయరులోకి పోతుంది, సీసం అక్కడే ఆగుతుంది. సోల్డరింగ్ అయ్యాక బ్రష్‌ను వేలితో లోపలికి నొక్కి వదిలితే తనంతట తానే పూర్తిగా బయటకు రావాలి. ఈ ఒక్క పరీక్ష మొదటిసారే చేసి ఉంటే రెండున్నర గంటలు మిగిలేవి.

తిరిగి బిగించేటప్పుడు బ్రష్‌లను లోపలికి నొక్కి, వెనక చిన్న రంధ్రంలోంచి సన్న గట్టి తీగ దూర్చి ఆపాలి. బాడీలు కలిశాక తీగ లాగేయాలి. లాగడం మరిచిపోతే బ్రష్‌లు రింగులకు తగలవు.

ఖర్చు: బ్రష్‌లు రెండు జతలు 120 (ఒక జత పాడు చేసినందుకు), బేరింగులు 430, టాపెట్ కవర్ ప్యాకింగు 180.
మొత్తం: రూ. 1,495. సమయం: 19 గంటలు.

దశ 7: బిగించాక కొలతలు (మే 7 నుంచి 28)

1. కీ ఆన్, ఇంజిన్ ఆఫ్: లైటు వెలిగింది. ఇది వెలగాలి. వెలగకపోతే కప్లర్ సరిగా కూర్చోలేదు, లేదా దశ 4లో తీసిన బల్బు తిరిగి పెట్టలేదు.
2. ఇంజిన్ చల్లగా, ఐడిలింగు: 14.38.
3. 45 నిమిషాలు ఎండలో నడిచాక, ఐడిలింగు: 13.92. వేడెక్కేకొద్దీ రెగ్యులేటరే వోల్టేజి తగ్గిస్తుంది, బ్యాటరీ ఉడకకుండా. దీన్ని చూసి కంగారుపడొద్దు.
4. అదే వేడిలో అన్నీ ఆన్ చేసి: 13.71.
5. మల్టీమీటరు ఏసీ వోల్టులలో పెట్టి బ్యాటరీ మీద: 0.03. అర వోల్టు దాకా వస్తే డయోడ్ పోయినట్టు.
6. అన్నీ ఆపి, తలుపులు మూసి 20 నిమిషాల తర్వాత బ్యాటరీ నుంచి లీకయ్యే కరెంటు: 24 మిల్లీ ఆంపియర్లు. 50 లోపు కాబట్టి వదిలేశాం.

మూడు వారాలు, 640 కి.మీ. అందులో మధ్యాహ్నం పూట పామిడి దాకా వెళ్లి వచ్చినవి నాలుగుసార్లు. లైటు వెలిగినవి: సున్నా. ఈసారి "అయిపోయింది" అని రాయడానికి 640 కి.మీ. ఆగాం.

పనికొచ్చిన ఖర్చు: 1,495లో పాడైన బ్రష్ జత 60 తీసేస్తే రూ. 1,435. బెల్టు, బేరింగులు, లగ్గు లైటుకు సంబంధం లేనివి (కలిపి 805). లైటును నిజంగా ఆపినవి తీగ సామాను 115, బ్రష్‌లు 60, ప్యాకింగు 180, అంటే రూ. 355.
విడిగా: ఫిబ్రవరి బ్యాటరీ రూ. 4,300.

మిగిలిన పనులు: ఇంజిన్ మౌంటింగు రబ్బర్లు ఇంకా పాతవే, వానాకాలం లోపు మార్చాలి. సాకెట్ వోల్టుమీటరును తీయలేదు. టాపెట్ కవర్ కింద డైనమో మీద తెల్ల గుడ్డ ముక్క కట్టి చూశాం, మే 28 దాకా మరక పడలేదు, గుడ్డ తీసేశాం. బ్రష్‌ల పొడవు మళ్లీ 1,60,000 దగ్గర కొలవాలి.